ఫైలు కంపెనీది, బతుకు పిల్లోడిది

ఆళ్లగడ్డకూ మైదుకూరుకూ మధ్య, 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది చాగలమర్రి. ఈ ప్రాంతం నుంచి పరాయి దేశాలకు రెండు దారులున్నాయి. పాత దారి కువైటుకూ సౌదీకీ పోతుంది. డ్రైవర్లు, ఇంటిపనివాళ్లు, మేస్త్రీలు పోయే దారి అది. కొత్త దారి ఇంజనీరింగు చదివిన పిల్లలది. ఎమ్మెస్ పేరుతో అమెరికా చేరి, చదువయ్యాక కొంతకాలం పని చేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుని, హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసా కోసం కాచుకునే దారి. పిల్లోడిని పంపేముందు ఏ యూనివర్సిటీ, ఎంత ఫీజు, ఏ బ్యాంకు అప్పు అని నెలల తరబడి మాట్లాడుకుంటాం. చట్టం తెలిసిన మనిషిని ఎప్పుడు కలవాలన్నది మాత్రం చర్చకు రాదు. అందుకే ఇక్కడ ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు రిటైరైన అయ్యవారు. ఆయన కొడుకు డల్లాసులో ఓపీటీ మీద ఉన్నాడు. రెండోవారు ఆయన అక్క కూతురు. ఆళ్లగడ్డ కోర్టులో న్యాయవాది. ఈ ఇద్దరూ కల్పితం. వాళ్ల నోట వచ్చే చట్టాలు, కేసులు, తేదీలు నిజం.

అయ్యవారు: వీసాకు పెట్టేది కంపెనీ పాపా. లాయరును మాట్లాడేది కంపెనీ. మళ్లీ వీడు సొంతంగా ఇంకో లాయరు దగ్గరికి పోవాలంటాండావు. ఒక గంట మాట్లాడితే వందల డాలర్లంట. ఇక్కడ నేను నెలనెలా బ్యాంకు వడ్డీ కడతాండా.

లాయరమ్మ: వీసాకు పెట్టేది కంపెనీ అన్నావు, నా భయం కూడా అదే మామా. ఐ-129 అనే దరఖాస్తు మీద సంతకం పెట్టేది కంపెనీ. మనోడు అందులో లబ్ధిదారు మాత్రమే. కంపెనీ ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. లాయరు జీ-28 అనే కాగితం దాఖలు చేసి, ఎవరి తరఫున వస్తున్నాడో చెప్తాడు. ఆ కాగితంలో ఎవరి పేరుందో మనోడు ఎప్పుడైనా చూశాడా?

అయ్యవారు: ఎవరి పేరుంటే ఏంది? పని ఒకటే కదా.

లాయరమ్మ: రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు రాసేటాయన్ను కొనేవాడు పిలిపిస్తే, అమ్మేవాడు ఇంకొకరితో చదివించుకోకుండా సంతకం పెడతాడా? నువ్వే మొన్న తోట అమ్మినప్పుడు నాతో మూడుసార్లు చదివించినావు. అమెరికా వీసా ఫైలులో లాయరు ఇద్దరి తరఫునా ఉండొచ్చు, తప్పు లేదు. కానీ ఫీజు ఇచ్చేది కంపెనీ, రేపు ఇంకో యాభై ఫైళ్లు తెచ్చేది కంపెనీ. ఇద్దరికీ మాట తేడా వచ్చిన రోజు ఆయన మనోడికి ఏం చెప్పగలడు?

అయ్యవారు: తేడా ఎందుకొస్తుంది? వీసా రావాలని ఇద్దరికీ ఉంది. కంపెనీకి మనిషి కావాలి, వీనికి పని కావాలి. 1998, 99లో నా దగ్గర చదువుకున్న పిల్లోళ్లు అమీర్‌పేటలో నాలుగు నెలలు కోర్సు చేసి విమానం ఎక్కినారు. ఏ లాయరునూ కలవలేదు. ఇప్పుడు ఇండ్లు కట్టుకున్నారు, ఊర్లో గుడికి చందాలిస్తాండారు. వాళ్లను తీసుకుపోయింది మన తెలుగువాళ్ల కన్సల్టెన్సీలే. పెద్ద కంపెనీలు మన పల్లె పిల్లోళ్ల ముఖం చూసేవి కావు. ఆ మేలు మరచిపోయి మాట్లాడకూడదు.

లాయరమ్మ: ఆ మేలు నేను కాదనడం లేదు. ఇండ్లు కట్టుకున్నోళ్లు నీకు కనిపిస్తాండారు. ఆ రోజుల్లోనే ఒక గదిలో పదిమంది, నెలల తరబడి జీతం లేకుండా బెంచి మీద కూర్చున్నోళ్లు కూడా ఉండారు. వాళ్లు ఊరికి ఉత్తరం రాయలేదు, అంతే. బెంచి మీద పెట్టి జీతం ఎగ్గొట్టకూడదని అమెరికా పార్లమెంటు 1998లోనే చట్టం చేసిందంటే ఆ బాధ ఎంత పెద్దదో చూడు. ప్రాజెక్టు లేదన్నా సరే, కార్మిక శాఖకు రాసిచ్చిన జీతం కంపెనీ ఇచ్చి తీరాలి. ఆ రాసిచ్చిన కాగితాన్ని ఎల్‌సీఏ అంటారు. ఉద్యోగంలో చేరే రోజుకు దాని కాపీ పిల్లోడి చేతికి ఇవ్వాలన్నది కూడా నిబంధనే.

అయ్యవారు: అడిగితే ఇస్తారేమో.

లాయరమ్మ: అడగాలని తెలిస్తే కదా. సరే, ఇది చెప్పు. వీసా ఫైలింగుకని కన్సల్టెన్సీ వాడు ఎంత అడిగినాడు?

అయ్యవారు: అన్నీ కలిపి ఆరు లక్షలు. సగం ముందు, సగం వచ్చినాక.

లాయరమ్మ: అది వాళ్లు అడగకూడని డబ్బు మామా. హెచ్‌-1బీ దరఖాస్తు ఫీజు, దానికి లాయరు ఫీజు కంపెనీ వ్యాపార ఖర్చు కిందికి వస్తాయి. శిక్షణ నిధికని కట్టే 750 డాలర్లో 1,500 డాలర్లో ఉంటుంది, కంపెనీ సైజును బట్టి. అది ఉద్యోగి చేత ఏ రూపంలోనూ కట్టించకూడదు. మోసాల నివారణకని వేసే 500 డాలర్లూ కంపెనీవే. తీసుకున్నవాడి మీద డబ్ల్యూహెచ్‌-4 అనే ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టొచ్చు, జరిగిన ఏడాది లోపల.

అయ్యవారు: ఫిర్యాదు పెట్టినోడికి రేపు వీసా ఎవరు పెడతారు?

ఇక్కడ రాసేవాడిగా నేనొక మాట కలపాలి. అయ్యవారి ప్రశ్నలో ఉన్న భయం ఉత్తది కాదు. ఫిర్యాదు చేసిన ఉద్యోగి మీద కక్ష తీర్చుకోవడాన్ని ఆ దేశ చట్టం నిషేధించింది. కానీ నిషేధం కాగితం మీద ఉంటుంది, పిల్లోడి అద్దె ఒకటో తారీఖున కట్టాలి. ఆరు లక్షలు తిరిగి రాబట్టడం కంటే ఇవ్వకముందు ఆగడం వెయ్యి రెట్లు తేలిక. సలహా పనికొచ్చేది ఆ ముందు ఘడియలోనే.

అయ్యవారు: ఇంకో సంగతి. నాలుగు కంపెనీల ద్వారా వీని పేరు నాలుగుసార్లు వేస్తామన్నాడు ఆ కన్సల్టెన్సీ వాడు. వీసా లాటరీలో నాలుగు చీటీలు ఉంటే అదృష్టం పెరుగుతుందన్నాడు. అది తప్పా?

లాయరమ్మ: ఆ మాట పాతది. 2023 మార్చిలో అట్లాగే జరిగింది. అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994 వచ్చినాయి. అందులో 4,08,891 ఒకే మనిషికి రెండు మూడు కంపెనీలు వేసినవి. ఉన్న వీసాలేమో మామూలు కోటాలో 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినోళ్లకు ఇంకో 20,000. నిజాయితీగా ఒక్క చీటీ వేసిన పిల్లోడు ఆ గుంపులో నలిగిపోయినాడు. అందుకే 2024 మార్చి నుంచి చీటీ కంపెనీ లెక్కన కాకుండా మనిషి లెక్కన తీస్తాండారు. పాస్‌పోర్టు నంబరు ఒక్కటే, చీటీ ఒక్కటే. ఆ ఏడాది రిజిస్ట్రేషన్లు 4,70,342కు పడిపోయినాయి, మరుసటేడు 3,43,981కి. నాలుగు చీటీలకు నాలుగు డబ్బులు అడిగేవాడికి చట్టం తెలియదనుకోవాలి, లేదా మనకు తెలియదని వాడు అనుకుంటాండాడు.

అయ్యవారు: దాంట్లో మోసం ఏముంది? ఉద్యోగం ఇస్తామన్నోళ్లే కదా వేసేది.

లాయరమ్మ: ఉద్యోగం ఉంటే. శాన్‌హోసేలో ఒక స్టాఫింగ్ కంపెనీ, పిల్లోళ్లకు పలానా చోట పని సిద్ధంగా ఉందని దరఖాస్తుల్లో రాసింది. అట్లా రాసుకోవడానికి వేరే కంపెనీలకు డబ్బిచ్చింది. పని లేదు. దాన్ని నడిపిన ముగ్గురూ నేరం ఒప్పుకున్నారు, చివరివాడు 2024 నవంబరులో. ఇట్లాంటి కంపెనీ కట్టిన ఫైలులో మన పిల్లోడి పేరు ఉంటే వాడు ప్రతి వీసా స్టాంపింగ్ దగ్గరా జవాబు చెప్పుకోవాలి. ఇంకోటి కూడా విను. 2026 ఫిబ్రవరి 27 నుంచి జీతం స్థాయిని బట్టి చీటీలిచ్చే నిబంధన తెచ్చినారు. నాలుగో స్థాయి జీతానికి నాలుగు, మొదటి స్థాయికి ఒకటి. రేపు కన్సల్టెన్సీ కాగితం మీద పెద్ద జీతం రాసి, చేతికి చిన్న జీతం ఇస్తానంటే, మంచిదేలే చీటీలు పెరుగుతాయని పిల్లోడు తలూపకూడదు.

అయ్యవారు: అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. 2018లో అమెరికా వాళ్లు క్లయింటు దగ్గర పనిచేసే పిల్లోళ్లకు మూడేండ్ల వీసా ఇవ్వాల్సింది పోయి, నెలల లెక్కన ఇస్తా ఏడిపిచ్చినారు. అప్పుడు కోర్టుకు పోయింది ఎవరు? టెక్సాసులో ఉండే ఐటీసర్వ్ అలయన్స్. మన కన్సల్టెన్సీల సంఘం అది. 2020 మార్చిలో వాషింగ్టన్ జిల్లా కోర్టులో గెలిచినారు. వీసాలిచ్చే ఆఫీసు ఆ పాత మెమోలు వెనక్కి తీసుకుంది. పిల్లోళ్ల కోసం కొట్లాడింది నీ లాయర్లు కాదు, ఆ కంపెనీలోళ్లే.

లాయరమ్మ: బాగా పట్టుకున్నావు మామా, ఆ తీర్పు నిజంగా గొప్పది. దాని వల్ల వేలమందికి మేలు జరిగింది. కానీ ఆ కంపెనీలు గెలిచింది ఎట్లా? తమకు నష్టం జరుగుతుందనగానే మంచి లాయర్లను పెట్టుకున్నారు. వాళ్లకు తెలిసిన ఆ సంగతే మనోడికీ తెలియాలంటాండా.

అయ్యవారు: కంపెనీలు ఇరవై మంది చందా వేసుకుంటారు. వీడు ఒక్కడు.

లాయరమ్మ: ఒక్కడు కాబట్టే భయం. ఫార్మింగ్టన్ గుర్తుందా నీకు?

అయ్యవారు: గుర్తు లేకుండా ఎట్లా ఉంటుంది? మిషిగన్‌లో. 2019 జనవరి ఆఖర్న. పాఠాలు లేవు, అయ్యవార్లు లేరు. సర్కారు పోలీసులే పెట్టిన యూనివర్సిటీ. ఏడాదికి పన్నెండు వేల డాలర్ల దాకా ఫీజు కట్టించుకుని, పిల్లోళ్లను బేడీలేసి పట్టుకుపోయినారు. ఎరవేసి పట్టింది సర్కారే. నలభై ఏండ్లు పాఠాలు చెప్పినోణ్ని, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అక్కడ లాయరుండి ఏం చేస్తాడు?

లాయరమ్మ: నాకూ మండుతుంది. కానీ మొదటి నుంచి చూడు. దాదాపు 600 మంది చేరినారు అందులో. లాటరీలో పేరు రాక, ఓపీటీ గడువు అయిపోయి, పని వదులుకోలేక, చదువుతానే పని చేసుకోనిచ్చే సీపీటీ ఇస్తారని చేరినోళ్లు చాలామంది. చేర్పించినందుకు కేసు పెట్టిన ఎనిమిది మందివీ తెలుగు పేర్లే. క్లాసు లేకుండా మొదటి రోజు నుంచి ఫుల్‌టైం పని చేసుకోవచ్చా అని అమెరికాలో ఏ ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగినా, వద్దు, స్టేటస్ పోతుందని చెప్పేవాడు. పాత యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసును అడిగినా చెప్పేది, అదీ రూపాయి ఖర్చు లేకుండా. వాళ్లు అడిగింది ముందు చేరిన స్నేహితుణ్ని, కమిషన్ తీసుకునే మధ్యవర్తిని. దానికి ఎనిమిదేండ్ల ముందే, 2011 జనవరిలో, కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అందులోనూ ఎక్కువమంది మన పిల్లోళ్లే. కాళ్లకు రేడియో కడియాలు వేసినారు. దాన్ని నడిపినామెకు 2014లో పదహారేండ్లకు పైగా జైలు శిక్ష పడింది. అంత జరిగినా ఇంకోసారి జరిగింది.

అయ్యవారు: పట్టుకున్నాక?

లాయరమ్మ: లాయరు విలువ తెలిసింది అప్పుడే. ఫార్మింగ్టన్ కేసులో 2019 నవంబరు నాటికి అరెస్టయినోళ్లు 250 మంది దాకా. క్రిమినల్ కోర్టులో అయితే డబ్బు లేనోడికి సర్కారే లాయరును ఇస్తుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఇవ్వదు. లాయరును పెట్టుకునే హక్కు ఉంటుంది, ఖర్చు మాత్రం నీది. ముందర రెండు కాగితాలు పెడతారనుకో. ఒకటి బహిష్కరణ ఉత్తర్వు, ఒకటి స్వచ్ఛందంగా వెళ్లిపోతాననే ఒప్పందం. రెండింటికీ విమానం టికెట్టు ఒకటే, హైదరాబాదులో దిగేది ఒకే చోట. కానీ మొదటిది పడితే మామూలుగా పదేండ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. రెండో దానికి ఆ పదేండ్ల నిషేధం లేదు. జైలు గదిలో భయంతో వణికే ఇరవై నాలుగేండ్ల పిల్లోడికి ఈ తేడా ఎవరు చెప్తారు? ఆటా, తానా లాంటి తెలుగు సంఘాల వాళ్లు లాయర్లను మాట్లాడినారు, మన ఎంబసీ రాత్రింబగళ్లు ఫోను పెట్టింది. పట్టుబడినోళ్లలో 80 శాతం దాకా స్వచ్ఛందంగా వెళ్లే దారిలోనే బయటపడినారు.

అయ్యవారు: ఫీజులు కట్టినోళ్ల డబ్బు?

లాయరమ్మ: చదువు చెప్తామని ఫీజు తీసుకుని చెప్పలేదని ఒక పిల్లోడు అమెరికా ప్రభుత్వం మీదనే దావా వేసినాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ తీర్పును తోసేసి, దావా నడవొచ్చని చెప్పింది.

అయ్యవారు: ఐదేండ్లకు! అప్పటికి వాని చదువూ పోయె, వయసూ పోయె.

లాయరమ్మ: అందుకే ముందే అడగమంటాండా.

అయ్యవారు: నువ్వు చెప్పేదంతా చదువుకున్నోళ్ల గోల పాపా. మన వీధిలో కువైటుకు పోయినోళ్లకు ఏ లాయరు ఉండాడు? ఏజెంటు మాటే వేదం. పాస్‌పోర్టు సేటు లాక్కుంటే అడిగే దిక్కు లేదు. సాయం చేయాల్సింది వాళ్లకు. డాలర్లు సంపాదించేవానికి కాదు.

లాయరమ్మ: వాళ్లకు చేయాలి, ఇంకా ఎక్కువ చేయాలి. అయితే వాళ్ల కోసం 1983 నాటి వలసల చట్టం ఒకటుంది. ఏజెంటుకు లైసెన్సు ఉండాలి, తీసుకునే ఫీజు 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ దాటకూడదు. అమలు ఎంత అధ్వానంగా ఉందో మనకు తెలుసు. కానీ పట్టుకుని అడగడానికి ఒక అంకె ఉంది, ఒక ఆఫీసు ఉంది. అమెరికా పోయే ఇంజనీరు వీసా చదువుల వీసా. వాణ్ని మన దేశంలో ఎవరూ కార్మికుడిగా చూడరు. పదో తరగతి దాటినాడు కాబట్టి తెలివైనోడు, వాని సంగతి వాడు చూసుకుంటాడని వదిలేసినారు. ఆరు లక్షలు అడిగినోడి మీద ఆళ్లగడ్డలో నేను ఏ సెక్షన్ కింద కేసు వేయాలో వెతుక్కోవాలి.

అయ్యవారు: అయితే నువ్వే చెప్పరాదా వానికి? ఇంట్లోనే లాయరమ్మ ఉండె.

లాయరమ్మ: నేను చెప్పకూడదు మామా. నా సనదు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌ది. ఆ ఫైలులో లాయరుగా నిలబడాలంటే అమెరికాలో ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉండాలి. అది ఒక్క రాష్ట్రంలో ఉన్నా చాలు, ఇమ్మిగ్రేషన్ చట్టం దేశమంతా ఒకటే. ఆ లైసెన్సు ఉందా, ఏమన్నా చర్యలు తీసుకున్నారా అన్నది ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైటులో పేరు కొడితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. హైదరాబాదులో బోర్డు పెట్టుకున్న కన్సల్టెంటుకు ఆ లైసెన్సు లేకపోతే ఆయన మాటా నా మాటా ఒకటే. ఇంతకీ మేలో మన పాప పెండ్లికి వాణ్ని రమ్మన్నావు కదా?

అయ్యవారు: టికెట్టు కూడా తీసుకున్నాడు. అన్న లేకుండా పెండ్లి ఎట్లా?

లాయరమ్మ: మార్చిలో లాటరీ తగిలితే ఏప్రిల్ నుంచి దరఖాస్తు వేస్తారు. దాంట్లోనే స్టూడెంట్ నుంచి హెచ్‌-1బీకి స్టేటస్ మార్చమని అడుగుతారు. అది తేలకముందు వాడు దేశం దాటితే, స్టేటస్ మార్పు అడిగింది వదిలేసుకున్నట్టు లెక్క. ఈ నిబంధన ఎప్పటి నుంచో ఉంది. కానీ 2025 సెప్టెంబరు 19న ట్రంప్ ప్రకటన మీద సంతకం పెట్టినాక దాని బరువు మారిపోయింది. బయటి దేశంలో ఉన్న మనిషికి కొత్తగా హెచ్‌-1బీ వేయాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అప్పటి రేటులో సుమారు 88 లక్షల రూపాయలు. అమెరికా లోపలే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని అక్టోబరు 20న స్పష్టం చేసినారు. మార్పు తేలకముందు దేశం దాటినోళ్లకు వర్తిస్తుందని అందులోనే రాసినారు.

అయ్యవారు: అంటే పెండ్లికి వస్తే...

లాయరమ్మ: ఏ చిన్న కన్సల్టెన్సీ మనోడి కోసం లక్ష డాలర్లు కడుతుంది? ఈ సంగతి కంపెనీ వాళ్లు వానికి చెప్పినారా?

అయ్యవారు: పెండ్లి సంగతి వాళ్లకేం తెలుసు.

లాయరమ్మ: వాళ్ల లాయరు అడగలేదు, ఎందుకంటే వాళ్ల ఫైలులో చెల్లెలి పెండ్లి లేదు. వాడు తన సొంత లాయరుతో ఒక గంట కూర్చుంటే అడిగే మొదటి ప్రశ్న అదే: ఈ ఆరు నెలల్లో ఎక్కడికైనా పోవాలా?

అయ్యవారు: ముహూర్తం మార్చడానికి లేదు. వియ్యంకులు ఒప్పుకోరు. వాడే టికెట్టు మార్చుకోవాలేమో.

లాయరమ్మ: అది కూడా నేను తేల్చే మాట కాదు. వాని కాగితాలన్నీ చూసి అక్కడి లాయరు చెప్పాలి. ఉద్యోగం పోయిన రోజు కూడా ఇట్లాంటిదే. హెచ్‌-1బీ మీద ఉన్నోడికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు గడువు. చాలామంది యాభై రోజులు రెజ్యూమెలు పంపుకుంటా ఉండి, చివరి వారంలో లాయరుకు ఫోను చేస్తారు. అప్పటికి దారులు మూసుకుపోతాయి.

అయ్యవారు: ఒప్పుకుంటా పాపా, ఒక్కసారి అడిగించాలి. కానీ నా మాట ఒకటి నిలబడుతుంది. కంపెనీ తప్పుల నుంచి కాపాడుకోవడానికి కూడా పిల్లోడే డబ్బు పెట్టాలా? ఓపీటీ మీద ఉన్నోడికి 90 రోజులు పని లేకపోతే స్టేటస్సే పోతుంది. అట్లాంటివాడు గంటకు అంత ఇచ్చి న్యాయం కొనుక్కోవాలంటే, ఉన్నోడికే న్యాయం అన్నట్టు కాదా?

లాయరమ్మ: దానికి నా దగ్గర జవాబు లేదు మామా. అందరికీ వర్తించే ప్రశ్నలకు తెలుగు సంఘాలు లాయర్లతో పెట్టే ఉచిత సదస్సులు ఉన్నాయి. స్టూడెంట్ వీసాలో ఉన్నన్ని రోజులూ యూనివర్సిటీ ఆఫీసు ఉంది. కొన్ని లా కాలేజీల్లో ఉచిత సహాయ కేంద్రాలుంటాయి. కానీ వాని సొంత ఫైలు తెరిచి చూడాల్సి వస్తే ఆ గంట డబ్బు పెట్టాల్సిందే.

ఇద్దరి మాటలూ విన్నాక నా తీర్పు లాయరమ్మ వైపే. కంపెనీ లాయరు ఎంత మంచివాడైనా, పిల్లోడు ఒక్కసారైనా తనకు మాత్రమే బాధ్యుడైన లాయరుతో మాట్లాడాలి. అదీ మూడు సందర్భాల్లో తప్పకుండా: ఏ కన్సల్టెన్సీ ఒప్పందం మీదనైనా సంతకం పెట్టేముందు, దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటేముందు, ఉద్యోగం పోయిన మొదటి వారంలో. అయితే అయ్యవారి చివరి ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మనమంతా. నంద్యాలలో ఆర్‌జీఎం, శాంతిరాం లాంటి ఇంజనీరింగు కాలేజీలు ఉన్నాయి. వాటి నుంచి ఏటా పిల్లలు అమెరికా వెళ్తున్నారు. చివరి సంవత్సరంలో ఒక్క పూట అమెరికా లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయరును వీడియోలో కూర్చోబెట్టి, తల్లిదండ్రులతో సహా వినిపించడం ఏ కాలేజీకీ భారం కాదు. ఏటా సభలకు భారీగా ఖర్చు పెట్టే తెలుగు సంఘాలు, ఓపీటీ మీద ఉన్న ప్రతి పిల్లోడికీ ఒక గంట సలహా ఖర్చు భరించే నిధి పెట్టాలి. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ, గల్ఫ్ కార్మికులతో పాటు ఈ పిల్లలనూ తన లెక్కలో చేర్చుకోవాలి. ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ ఓపీటీ మీద ఎవరైనా ఉంటే, ఈ రాత్రి ఫోనులో అన్నం తిన్నావా అని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: నీ ఎల్‌సీఏ కాపీ నీ దగ్గర ఉందా? నీ ఫైలు చూసే లాయరు ఎవరి తరఫున ఉన్నాడు?